తూకమెక్కిన తండ్రి

మా సబ్ సెంటర్‌కు భార్యల్ని బండి మీద తీసుకొచ్చే మగవాళ్ళు చాలామంది బుద్ధిమంతులే. గుంతలు చూసి మెల్లగా నడుపుతారు, గేటు దగ్గర జాగ్రత్తగా దింపుతారు, చేతికి నీళ్ళ సీసా అందిస్తారు. అక్కడితో వాళ్ళ పని అయిపోతుంది. బండికి స్టాండు వేసి, దాని మీదే కూర్చుని ఫోన్‌లో తల దూర్చేస్తారు. లోపల బరువు చూసేది ఆమెకు, రక్తం తీసేది ఆమెకు, మా చేత చీవాట్లు తినేదీ ఆమే. నర్సుగా నా సర్వీసు మొత్తం ఇలాగే గడిచింది. ఇందులో ఎవరికీ తప్పు కనిపించలేదు. పైగా మగవాళ్ళు లోపలికి వస్తే ఆడవాళ్ళు సిగ్గుపడతారని గుమ్మం దగ్గర ఆపేది కూడా మేమే.

ఈ మధ్య ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. మీకు బాగా గుర్తుండిపోయిన కేసు చెప్పండమ్మా అని అడుగుతారు. ఆటోలో అయిన కాన్పు, వాగు పొంగిన రోజు తెప్పించిన అంబులెన్సు, అలాంటి కథలు వాళ్ళకు కావాలి. అవీ ఉన్నాయి నా దగ్గర. కానీ కళ్ళు మూసుకుంటే నాకు ముందుగా కనిపించేది మాత్రం మా బరువు మిషను మీద బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ఒక మగమనిషి. మీరు నవ్వినా సరే, నేను చెప్పేది అతని సంగతే.

నా చివరి పోస్టింగు గుమ్మడిదల వైపు ఒక ఊళ్ళో. నా ఇల్లు సంగారెడ్డిలో. పొద్దున్నే బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. ఆటోలో నాకు ఒక పక్క కూరగాయల గంప, ఇంకో పక్క షిఫ్టుకు పోయే బీహారు కుర్రాడు. ఊరి చుట్టూ మందుల కంపెనీలు. గాలి ఇటు తిరిగిందంటే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోవాల్సిందే. తండ్రి పత్తి చేనుకు పోతే కొడుకు కంపెనీ బూట్లు వేసుకుని బస్సెక్కేవాడు. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే వరస.

నాతో పనిచేసిన ఆశ కార్యకర్త ఆ ఊరి కోడలే. గొంతు మహా గట్టిది. చివరి వాడలో ఉన్న బాలింతను మొదటి వాడలో నిలబడి పిలవగలదు. ఆమె గొంతు వల్ల నాకు ఎంత పని సులువైందో, ఒకసారి అంత పనీ పెరిగింది. ఆ సంగతి కూడా ఇందులోదే.

వారానికి ఒకసారి పెద్ద ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చేవారు. చదువు అయిపోగానే వచ్చిన మొదటి ఉద్యోగం. నా కూతురి వయసు ఉంటుంది. సన్నగా, నెమ్మదిగా, ఎదుటివాళ్ళు మాట పూర్తి చేసేదాకా ఆగే మనిషి. వచ్చిన కొత్తలో ఒక్కొక్కరితో అంతసేపు మాట్లాడుతుంటే సాయంత్రం బస్సు దాటిపోతుందని నాకు లోపల విసుగ్గా ఉండేది. ఇవాళ ఆమె పేరు తలుచుకుంటే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

ఆ రోజు వచ్చిన అమ్మాయిది ఊళ్ళో పాత కాపు కుటుంబం. పుట్టిల్లు వెలిమెల వైపు. అత్తగారికి కొంత పొలం ఉంది, భర్త పోయాడు, ఉన్నది ఒక్కగానొక్క కొడుకు. అతను మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాడు. వీళ్ళ మొదటి బిడ్డ నెలలు నిండాకే పుట్టింది కానీ మరీ చిన్నగా పుట్టింది. అరచేతిలో పట్టేటంత పిల్ల. సంగారెడ్డిలో జిల్లా ఆసుపత్రి పసిపిల్లల వార్డులో చాలా రోజులు పెట్టుకుని బతికించారు. అప్పటికి ఆ పిల్లకు మూడేళ్ళు, సెంటర్‌కు వస్తే నా స్టెతస్కోపు లాక్కుని పరిగెత్తేది. పిల్ల దక్కింది కానీ మాట మిగిలిపోయింది. అత్తగారు ఎవరి ఇంటికి పోయినా, ఏ పెళ్ళిలో కూర్చున్నా, తన కోడలిది సత్తువ లేని కడుపని చెప్పేది. కక్షతో కాదు. ఆమె నిజంగానే అలా నమ్మింది. వినేవాళ్ళు కోడలి వైపు జాలిగా చూసేవాళ్ళు, ఆ చూపే ఎక్కువ బాధ.

ఆ అమ్మాయికి రెండో బిడ్డ కావాలని ఉంది. అయితే గుండెల్లో ఒకటే భయం. ఈసారి కూడా చిన్నగా పుడితే ఆ మాట తన మీద జన్మంతా ఉండిపోతుంది. ఆశ కార్యకర్త దగ్గర ఏడ్చిందట. సెంటర్‌కు ఒకసారి వచ్చి డాక్టరమ్మకు చూపించుకో, ఆ తర్వాతే రెండో బిడ్డ సంగతి అనుకోండి అని ఆశ నచ్చజెప్పి తీసుకొచ్చింది.

డాక్టరమ్మ చూశారు. అమ్మాయి బక్కగా ఉంది, రక్తం తక్కువ. మాత్రలు రాశారు, తిండి సంగతి చెప్పారు. ఇదంతా మామూలే కాబట్టి నేను తర్వాతి మనిషిని పిలవబోయాను. ఇంతలో మీ ఆయన ఎక్కడ అని అడిగారామె. ఆశ గడ్డంతో గేటు వైపు చూపించింది. లోపలికి పిలవమన్నారు.

అతను గుమ్మంలో చెప్పులు విడిచి, హెడ్మాస్టరు పిలిచిన పిల్లాడిలా వచ్చి నిలబడ్డాడు. మంచి ఎత్తు మనిషి. కంపెనీ చొక్కా పొట్ట దగ్గర గుండీలు ఊడేలా ఉంది. బరువు మిషను ఎక్కమని డాక్టరమ్మ చెప్పగానే తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. బెంచీ మీద ఉన్న ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"నాకెందుకు మేడం? కనేది గామె గదా."

కనేది ఆమే అయినా బిడ్డ ఇద్దరిదీ కదా, ఎక్కండి అన్నారు డాక్టరమ్మ. ఎక్కాడు.

మా సెంటర్‌లో ఒక పద్ధతి ఉండేది. మిషను తలుపు దగ్గర, నా బల్ల కిటికీ దగ్గర. అందుకని ఎవరు ఎక్కినా ఆశ బరువు చదివి గట్టిగా చెబుతుంది, నేను ఇక్కడ కూర్చుని రాసుకుంటాను. అలవాటు ప్రకారం ఆమె ఊపిరి బిగించి "తొంభై ఎనిమిది" అని అరిచింది. గది మొత్తం ఘొల్లుమంది. అతని చెవులు ఎర్రబడ్డాయి. భార్య ఒక్కతే నవ్వలేదు, నేల చూస్తూ నిలబడింది.

డాక్టరమ్మ అతన్ని కూర్చోబెట్టుకుని చెప్పిన మాటలు నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. బిడ్డ పెరుగుదల తల్లి తిండి మీద, తల్లి రక్తం మీద ఆధారపడుతుందని మనందరికీ తెలుసు. తండ్రి బరువు మరీ ఎక్కువైతే దాని ప్రభావం కూడా బిడ్డ మీద కొంత ఉండవచ్చని ఇప్పుడు చెబుతున్నారట. బిడ్డ కడుపులో పడకముందే, తండ్రి నుంచి వచ్చే బీజంలోనే ఏవో మార్పులు రావచ్చట. ఆ బీజం తయారు కావడానికే రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి ముందు నుంచే జాగ్రత్తపడితే మంచిదన్నారు. అయితే ఇది పూర్తిగా తేలిన విషయం కాదని, కొన్నిచోట్ల పిల్లలు చిన్నగా, కొన్నిచోట్ల పెద్దగా కూడా కనిపిస్తున్నారని, మీ పాప చిన్నగా పుట్టింది మీ వల్లేనని నేను చెప్పడం లేదని ఒకటికి రెండుసార్లు చెప్పారు. అతను కంపెనీ గాలి సంగతి అడిగితే దాన్నీ కొట్టిపారెయ్యలేదు. ఏ సెక్షన్‌లో చేస్తావు, చేతికి ఏమైనా మందులు అంటుతాయా అని వివరంగా అడిగారు. గాలి మన చేతిలో లేదు, బరువు మన చేతిలో ఉంది, దాంతో మొదలుపెడదాం అన్నారు.

అతను తల ఊపి వెళ్ళిపోయాడు. మంచి పని జరిగిందని మేము సంతోషపడ్డాం.

మా సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఆ అంకె మా కంటే ముందు ఊళ్ళోకి చేరింది. ఒక్కో వాడ దాటే కొద్దీ పెరిగింది కూడా. చివరి ఇంటికి చేరేసరికి నూట ఇరవై అయిందట. అత్తగారికి తెలిసి మండిపడింది. కళకళలాడే తన కొడుకును ఆడవాళ్ళందరి ముందూ తూకం ఎక్కించి, బరువు ఊరంతా చాటి, పచ్చి దిష్టి తగిలించామని ఆమె అభియోగం. ఆమె కళ్ళతో చూస్తే అందులో అన్యాయం లేదు. బిడ్డ బొద్దుగా ఉంటే నలుగురిలో బరువు చెప్పకూడదని మన ఇళ్ళల్లో అనుకోమా? ఎండుమిర్చి, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదట. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టే. దిష్టి తగిలిన కొడుకు ఎక్కడ చిక్కిపోతాడోనని ఆ పూటే కోడిని కోయించి దగ్గరుండి తినిపించింది. మేము బరువు తగ్గించమని పంపితే ఇంట్లో పెంచే ఏర్పాట్లు జరిగాయి.

అంతటితో ఆగలేదు. కోడలిని సెంటర్‌కు పంపడం మానేసింది. ఆశ ఎన్నిసార్లు వెళ్ళినా తిట్టి గుమ్మంలోంచే తిప్పి పంపింది. పాపం, ఎప్పుడూ తగ్గని మనిషి ఒకరోజు నా దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. తన నోరే పాడు నోరని తిట్టుకుంది. ఆ పద్ధతి మన అందరిదీ, నీ ఒక్కదానిది కాదని చెప్పాను. డాక్టరమ్మ కూడా బాధపడ్డారు. మాత్రలు సగంలో ఆగిపోయాయి. ఆ అమ్మాయి మళ్ళీ గుమ్మం లోపలే ఉండిపోయింది, భయం అలాగే ఉంది, అత్తగారి నోట్లో మాటా అలాగే ఉంది. ఇక లాభం లేదని నేనే బయలుదేరాను.

మధ్యాహ్నం భోజనాలు అయిపోయి ఉంటాయని లెక్కవేసుకుని వెళ్ళాను. అత్తగారిది నా వయసే. కోపం ఉన్నా వచ్చిన మనిషికి మర్యాద తప్పలేదు, చాప వేసి నీళ్ళిచ్చింది. కోడలు ఒక మూల బియ్యం ఏరుతోంది. మొహం వాడిపోయి ఉంది. అన్నం తిన్నావా అని అడిగాను. జవాబు అత్తగారి నుంచి వచ్చింది.

"ఆడు రానియ్యి సిస్టరమ్మా. తింటది."

మూడు దాటాక బండి చప్పుడైంది. అతను కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి పళ్ళెం సిద్ధంగా ఉంది. గుట్టగా అన్నం, పప్పు, ఆలుగడ్డ వేపుడు, రెండు గుడ్లు, పెరుగు. తల్లి ఎదురుగా కూర్చుని వడ్డిస్తోంది. నేను ఇన్నేళ్ళుగా గర్భిణుల తిండి చూసిన దాన్ని. ఆకలితో తినే మనిషి మొదటి ముద్దలు ఎలా పోతాయో నాకు తెలుసు. ఇతను ముద్ద కలుపుతున్నాడు, మింగుతున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, మళ్ళీ కలుపుతున్నాడు. మొక్కు తీర్చుకుంటున్నట్టు తింటున్నాడు.

అత్తగారు నన్ను కూడా తినమంది. కోపం ఉన్న ఇంట్లో ఇంతకంటే మంచి దారి దొరకదనుకున్నాను.

"నేనొక్కదాన్నే ఏం తింటనక్కా. నీ కోడలు కూసుంటే దానితోని తింట."

"అది ఆడు తిని లేచినంక తింటది. మనం గిట్లనే తినలేదా?"

తిన్నాం. నేనూ అలాగే తిన్నాను. కాదనలేకపోయాను. అందుకని అతని వైపు తిరిగి మెల్లగా అడిగాను. కంపెనీల మధ్యాహ్నం ఏం పెడ్తరు బిడ్డా అన్నాను. అతను నీళ్ళు నమిలాడు. తల్లి వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆ అమ్మాయి చటుక్కున మొహం గోడ వైపు తిప్పుకుంది. అప్పుడు నాకు సంగతి సగం అర్థమైంది.

"కాంటీన్ల తింటున్నమ్మా," అన్నాడు తల్లితో. "రోజూ తింటున్న. బువ్వ, పప్పు, కూర అన్ని పెడ్తరు."

"మరి నేను గిదెవనికి వండుతున్న?"

"నాకోసం ఎదురుసూస్తవ్ గదా. వద్దంటే నీ మనసు కష్టమైతదని తింటున్న."

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఇదే జరుగుతోంది. పొద్దున షిఫ్టు దిగేముందు కాంటీన్‌లో కడుపునిండా ఒక భోజనం. ఇంటికి రాగానే అమ్మ కోసం ఇంకో భోజనం. అతను తిని లేచేదాకా కోడలు ముద్ద ముట్టదు. అప్పటికి ఆకలి చచ్చిపోయి, కడుపులో మంట మొదలై, రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేస్తుంది. మొదటి బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కూడా అంతే. ఒక్క పళ్ళెం అతన్ని అలా పెంచింది, ఆమెను ఇలా తగ్గించింది. ఆ తల్లి కూడా కోడలితో పాటే అప్పటిదాకా పస్తు ఉండేది, అది మరిచిపోవద్దు.

ఎవరినని తప్పు పట్టాలి? ఆమె భర్త బతికున్న రోజుల్లో పొద్దున నాగలి కట్టుకుని పోయి, ఆ వేళకే చేను నుంచి వచ్చేవాడట. ఆ పళ్ళెమే అతనికి ఆ రోజు మొదటి అన్నం. దుక్కి దున్ని వచ్చిన మనిషికి ముందు పెట్టడం న్యాయమే. నాగలి పోయింది, కంపెనీ వచ్చింది, కాంటీన్ వచ్చింది. పళ్ళెం మాత్రం అదే వేళకు, అదే గుట్టతో, అక్కడే ఉండిపోయింది.

అత్తగారు లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. ఇక నన్ను బయటికి పొమ్మంటుందనుకుని సంచి సర్దుకున్నాను. కొడుకు ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాడు. కాసేపటికి ఆమె రెండు పళ్ళాలతో వచ్చి, ఒకటి నా ముందు, ఒకటి కోడలి ముందు పెట్టింది.

"నీకెర్కనా ఈ సంగతి?"

అమ్మాయి తల ఊపింది.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నేను చెప్తే, కొడుక్కు బువ్వ పెట్టనిస్తలేనంటరు అత్తమ్మా."

అత్తగారు అన్నంలో పప్పు తానే వేసి, నెయ్యి తానే వేసి, తినమని చేత్తో సైగ చేసింది. అమ్మాయి తింటుంటే కళ్ళనీళ్ళు కారుతున్నాయి. నేనూ నా పళ్ళెం ముందుకు జరుపుకున్నాను. నాకు ఆకలిగానే ఉంది, అబద్ధం ఎందుకు.

తిన్నాక ఆమెతో తూకం సంగతి ఎత్తాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నమ్మకం కుదరలేదు. కనేది ఆడది, మగవాడి పొట్టకూ బిడ్డకూ ఏం సంబంధమని మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు నాకొక మాట తోచింది. కోడలు కడుపుతో ఉన్నప్పుడు కొడుకు గడ్డం తీశాడా అని అడిగాను. ఆ రోజుల్లో గడ్డం గీసుకోనిస్తామా, పిల్లకు మంచిది కాదు కదా అంది ఆమె.

"మొగోని గడ్డమే పిల్లకు తగుల్తే, మొగోని పెయ్యి బరువు తగలదా అక్కా?"

ఆమె పెదవి చివర నవ్వు వచ్చింది. గడ్డానికీ బిడ్డకూ ఏ సంబంధమూ లేదని నాకు తెలుసు. డాక్టరమ్మ వింటే నన్ను చీవాట్లు పెట్టేవారు. కానీ ఆ గుమ్మంలో నాకు దొరికిన తాళంచెవి అదే, వాడుకున్నాను.

ఆ తర్వాత ఆ ఇంటిని నడిపింది నేను కాదు, డాక్టరమ్మ కాదు. ఆ అత్తగారే. ఎంత మొండిగా పెట్టిందో అంత మొండిగా మానేసింది. కొడుకు షిఫ్టు నుంచి రాగానే ఒక గ్లాసు మజ్జిగ, ఒక జామకాయ. అంతే. అతను వంటింటి వైపు తిరిగితే కసిరేదట. కొడుక్కు పళ్ళెం పెట్టకుండా కూర్చోవడం తనకు మొదట్లో ఏడుపొచ్చేంత కష్టమైందని తర్వాత నాతో చెప్పింది. మధ్యాహ్నం ఎండ నడినెత్తి మీదికి రాగానే అత్తా కోడలూ మనవరాలూ కలిసి తినడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో ఆడవాళ్ళు వేడి అన్నం తినడం అప్పుడే మొదలైందంటే మీరు నమ్మాలి.

అతనికి కంపెనీ స్నేహితుడెవరో బరువు తగ్గించే పొడి డబ్బా అంటగట్టాడు. అది ఇంటికి రాగానే అత్తగారు కుడితిలో కలిపేసింది. బర్రె వాసన చూసి మూతి తిప్పుకుందట. బర్రె తాగనిది మనిషికెందుకని తీర్పు చెప్పింది. చివరికి అతను నడక పట్టుకున్నాడు. రోజూ పత్తి చేల పక్క బాట మీద పెద్ద రోడ్డు దాకా పోయి వచ్చేవాడు. బీహారు కుర్రాళ్ళు ఎదురైతే "క్యా భాయ్, ఫిర్ సే షాదీ కర్ రహే క్యా" అని, మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నావా అన్నట్టు ఆటపట్టించేవాళ్ళట. సిగ్గుపడినా మానలేదు. సెంటర్‌కు వచ్చిన రోజున తనే చెప్పులు విడిచి లోపలికొచ్చి మిషను ఎక్కేవాడు. మా ఆశ మాత్రం మారిపోయింది. అతని బరువును నా చెవి దగ్గరకొచ్చి గుసగుసగా చెప్పేది. బెంచీ మీది ఆడవాళ్ళు మాకూ చెప్పమని గోల చేసినా పెదవి విప్పలేదు. ఆ తర్వాత మేము మిషనునే నా బల్ల పక్కకు మార్చుకున్నాం. ఇన్నేళ్ళూ ఆ పని ఎందుకు చెయ్యలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అతను బాగా తగ్గాడు. అమ్మాయి రక్తం పెరిగింది, బుగ్గలు నిండాయి. తర్వాత కడుపుతో ఉన్నానని చెప్పడానికి వచ్చింది, ఈసారి అత్తగారిని వెంటబెట్టుకుని. ఆ నెలలన్నీ ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువగా భయపడింది అత్తగారేనని నా అనుమానం. పైకి చెప్పలేదు. కానీ ప్రతిసారీ డాక్టరమ్మ పొట్ట కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి టేపు వైపే చూసేది.

కాన్పు సంగారెడ్డి ఆసుపత్రిలో అయింది. అతనే ఫోన్ చేశాడు. ఆడపిల్ల అన్నాడు. మూడు కిలోలకు దగ్గరగా ఉందన్నాడు. ఆ తర్వాత అటువైపు ముక్కు ఎగపీల్చడం వినిపించింది. పక్కన ఆశ నా చెయ్యి పట్టుకుని ఎంత ఎంత అని ఊపేస్తోంది. చెప్పాను. అప్పుడు మాత్రం ఆమె అరిచింది, ఊరంతా వినబడేలా.

డాక్టరమ్మ అప్పటికే పై చదువుకు వెళ్ళిపోయారు. ఫోన్‌లో చెబితే చాలా సంతోషించారు, కానీ వెంటనే నన్ను హెచ్చరించారు కూడా. తల్లి వేళకు తింది, రక్తం పట్టింది, ఇద్దరు పిల్లల మధ్య ఎడం వచ్చింది, తండ్రి బరువు తగ్గాడు. ఇందులో దేని వల్ల ఎంత మేలు జరిగిందో ఎవరూ విడదీసి చెప్పలేరు, తండ్రి బరువు వల్లే అని ప్రచారం చెయ్యకండి అన్నారు. మీకూ అదే చెబుతున్నాను. కోడలి నెత్తి మీది నిందను తీసి కొడుకు నెత్తిన పెట్టడం మన పని కాదు. బిడ్డ చిన్నగా పుడితే ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరి తిండీ అడగండి, ఇద్దరినీ తూకం ఎక్కించండి. బరువు మాత్రం మెల్లగా చెప్పండి.

ఆ ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు. వాటి మీద నాకు కోపమేమీ లేదు. కానీ నేను రుణపడింది ఈ నలుగురికి. ఎవరూ అడగని ప్రశ్న అడిగిన డాక్టరమ్మకు, తిట్లు తిని కూడా ఆ గుమ్మం వదలని ఆశకు, నలుగురిలో నవ్వులపాలై కూడా మళ్ళీ తూకమెక్కిన ఆ అబ్బాయికి, అందరికంటే ఎక్కువగా ఆ అత్తగారికి. ఎందుకో చెప్పి ముగిస్తాను.

ఇరవై ఒకటో రోజు పాపకు పేరు పెడుతూ నన్నూ ఆశనూ పిలిచారు. ఇల్లంతా చుట్టాలు. తొట్లె కట్టారు, పాటలు పాడారు. అత్తగారి అక్క వరసయ్యే పెద్దావిడ పాపను ఒళ్ళోకి తీసుకుని, బరువు చూసినట్టు పైకి కిందికి ఆడించి, "పోనీ తియ్యి, ఈపాలి నీ కోడలు మంచిగ కన్నది" అంది. మెచ్చుకోలుగానే అంది. కానీ ఈపాలి, అంటే ఈసారి, అన్న ఆ మాటతో గదిలో అందరి చూపులూ పెద్ద పిల్ల మీదికి వెళ్ళాయి. తొట్లె పక్కన నిలబడ్డ కోడలు తల వంచుకుంది. పెద్ద పిల్లకు ఏం అర్థమైందో, నానమ్మ కొంగు పట్టుకుని నేను మంచిగ పుట్టలేదా అని అడిగింది.

అత్తగారు అందరి ముందూ ఆ పిల్లను ఎత్తుకుని చంకన వేసుకుంది.

"నువ్వు మాకు గీ సంగతి తెల్వకముందుగాల పుట్టినవ్ బిడ్డా. తక్కువ మా తానుండె. నీ తాన లేదు, మీ అమ్మ తాన లేదు."

కోడలు తల ఎత్తి అత్తగారి వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెద్దావిడ దగ్గరికి నడిచి వెళ్ళి, చేతులు చాపి, నా బిడ్డను ఇటియ్యి పెద్దత్తమ్మా అని తీసుకుంది. ఆ అమ్మాయి అంత గట్టిగా మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.